కొలత

గంటస్తంభం వెనక సందులో
రేకుల కొట్టు, ఒక మిషను, నేను.
సిరిమానుకి నెల ముందు నుంచీ
ఊళ్ళో డాన్సు బట్టలన్నీ నా దగ్గరికే వస్తాయి,
కుట్టడానికి కొన్ని, అతకడానికి బోల్డు.

మా కుందనకి ఎనిమిది నిండేయి.
మిషను కింద కూచుని
నా పాదం ఎలా తొక్కితే అలా మోకాలు ఊపేది.
మోటారు పెట్టించిన రోజున తల బయటికి పెట్టి
"అమ్మా, ఇప్పుడు నానేటి చెయ్యాలి?" అంది.

అప్పుడనుకున్నాను, దీన్ని ఎక్కడో చేర్చాలని.

"దగ్గర్లో ఏదుంటే అది. ఆటోలో దింపేస్తాను"
అన్నాడు వాళ్ళ నాన్న.
నేను మరెవర్నీ అడగలేదు.
గోడమీది ఫొటోల్లో నవ్వడం అందరికీ వచ్చు.
నాకు బట్టలు చెప్తాయి.

రింగురోడ్డులో అద్దాల హాలు,
జుట్టుకి రాగిరంగేసుకున్న మాస్టరు.
వార్షికోత్సవం అయ్యేక ఇరవైనాలుగు జతలు వచ్చేయి.
ముందు వరస ఆరింటికీ చంకల్లో ఉప్పు చారలు.
మిగతా పద్దెనిమిదీ
నేను పెట్టిన ఇస్త్రీ మడతతోనే తిరిగొచ్చేయి.
ఆ పద్దెనిమిది ఇళ్ళ వాళ్ళూ ఫీజు అంతే కట్టేరు.

కంటోన్మెంటులో ఇంకో మేడం గారు.
పేరు చెప్పను, నాకు ఇంకా బాకీ ఉన్నారు.
మంచి విద్య, కాదనను.
ఆవిడ పిల్లలు వేదిక మీద
ఒక్క దారానికి గుచ్చిన పూసల్లా కదుల్తారు.
కానీ టేపు చుట్టబోతే
ప్రతి గుంటా ఊపిరి బిగపట్టి
పొట్ట లోపలికి లాక్కుంటాది.
పదకొండేళ్ళది ఒకత్తి
"ఆంటీ, ఒక్క అంగుళం తక్కువ రాయండి" అని
నా చెవిలో బతిమాలుకుంది.
రాసేను.
రెండో జతికే హుక్కు తెగింది.
నాకు తిట్లొచ్చేయి, అవి పర్లేదు.
దానికెన్ని వచ్చేయో.

దాసన్నపేట సుభాషిణి టీచరు బట్టలంటే నాకు విసుగు.
మోకాళ్ళ దగ్గర చిరుగులు, అంచులకి సున్నం,
నడుంపట్టీ మడతలో అతుక్కుపోయిన బెల్లం జీడి.
ముందు వరసా వెనక వరసా ఒక్కలాగే చిరుగుతాయి.
ఒకసారి ఆవిడ చీర వచ్చింది, ఫాల్ మార్చమని.
విప్పి చూస్తే దానికీ మోకాళ్ళ దగ్గరే అరుగుదల.
అంటే పిల్లల్తో పాటు తనూ మండి వేస్తాదన్నమాట,
ఈ వయసులో, గచ్చు మీద.

ఆదివారం తీసుకెళ్ళేను.
మేడమీద షెడ్డు. అద్దం లేదు.
ఉన్న ఒక్క ఫ్యానూ పిల్లల వైపే తిరిగి ఉంది.
దీని పాదాలు చూస్తాదనుకున్నాను.
"పొద్దున్న ఏం తిన్నావమ్మా?" అంది.
"చోడంబలి."
"రెండు వారాలు ఊరికే కూచుని చూడు.
కాలు ఆగనంటే అప్పుడు లేవు."

ఫీజు మాట నేనే ఎత్తేను.
చిరుగులు కుట్టే లెక్కలో చెల్లు పెట్టమంది.
"ఆ లెక్కన మీరే నాకు బాకీ పడతారండీ" అన్నాను.
ఆవిడ నవ్వింది.
నేను నవ్వలేదు, నిజమే కదా.

ఐదో రోజుకే లేచిందట.

రాత్రి కొట్టు మూసి, దీన్ని బల్ల మీద నిలబెట్టేను.
ఊరి పిల్లలందర్నీ కొలిచిన టేపు
మొదటిసారి దీని నడుం చుట్టూ.
బిగపట్టింది.

ఎవరు నేర్పేరే నీకిది, అనబోయి ఆగేను.
మిషను కింద కూచుని ఇన్నేళ్ళూ చూసింది ఇదే.

"వదులు" అన్నాను.
బుగ్గలు పొంగించుకుని నా వంక చూస్తోంది.
చక్కిలిగిలి పెట్టేను.

టేపు నా వేళ్ళలోంచి జారి జారి
ఇరవైరెండున్నర దగ్గర ఆగింది.

అదే రాసేను.
కుట్ల లోపల ఇంకో మూడంగుళాలు
గుడ్డ వదిలేను.