ముందు ప్లేటు

నలభై దాటితే మొదలైతదట ఆ ఏడుపు.
అరవై దాటితే ఆగిపోతదట.
"బారాత్‌ల ఐదు గూడ దాటదు గానీ
కనగల్లు దాకైతే పోవాలె గదా" అని
లింగస్వామి తాళంచెవి బల్ల మీద వెట్టి పోయిండు.
ఎల్లుండే పెండ్లి.

దేవరకొండ రోడ్డు మీద మా షెడ్డు.
ఇప్పుడు షెడ్డు నిండా కాంటెస్సా.
పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు,
కుస్తీ మానేసి దావత్‌లు తిరిగే పహిల్వాను.
బానెటు మీద నిరుటి పెండ్లికొడుకు పేరు
టేపు ఊడదీసినా జిగురుల ఉన్నది.

లతీఫ్ మేస్త్రి తల తిప్పడు,
మనిషే మొత్తం తిరుగుతడు.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగినోడు.
మెడ నుంచి నడుము దాకా ఒక్కటే సలాక.
వంగలేడు గనుక ఇంకో సలాక, మూడడుగులది,
ఒక కొన ఇరుసు గొట్టానికి,
ఒక కొన ఆయన దవడకు ఆనిచ్చి
జాకీ మీద లేపిన చక్రం తిప్పిన.
కండ్లు మూసుకున్నడు.
"కుడిది."
"ఎడమది గాదా సాబ్?"
"ఎడమది ఇంకా మాట్లాడుతున్నది. కుడిది నములుతున్నది."

డ్రమ్ము వచ్చింది. నాలుగు నట్లు వచ్చినయి.
లారీ యాక్సిల్ ముక్కతోని చేసుకున్న గుంజుడు సుత్తె
మూడు దెబ్బలకు షాఫ్టును బయటికి తెచ్చింది,
ఎన్నో ఏండ్ల గేరాయిలు వాసనతోని.
బేరింగు అరచేతుల తిప్పితే
జొన్నరొట్టెల రాయి పంటి కిందికొచ్చినట్టు.

కాలరు మీద డ్రిల్లు సగం దాకనే.
సగం తర్వాత షాఫ్టు ఉంటది.
దానికి గీత వడ్డదా, ఇయ్యాల ఏం గాదు,
ఎప్పుడో, ఎవరో కూసున్ననాడు, అక్కడ్నే ఇరుగుతది.
ఆయన వేళ్లు ముడవవు. ఉలి పట్టి చూపియ్యలేడు.
నోటితోని చూపిస్తడు:
"ఇట్ల కాదు బేటా. కోడిగుడ్డుకు చెప్పినట్టు చెప్పు దానికి."
చెప్పిన.
టక్‌మన్నది. కాలరు రెండయింది.

షెడ్డు గోడ మీద సుద్దతోని రాసి ఉన్నది
ముందు ప్లేటు
నా రాతనే, వంకర టింకర.
మూడేండ్ల కింద ఒక అంబాసిడర్‌కు
కొత్త బేరింగు దింపి, కాలరు కాల్చి దింపి,
అది సల్లారినంక చెయ్యి తుడుసుకుంటుంటే
బల్ల మీద ప్లేటు నన్ను చూసుకుంట కూసున్నది.
అది లోపలికి పోవాలంటే
కొత్త కాలరు పగలాలె, కొత్త బేరింగు పోవాలె.
ఆ రోజు ఆయన ఒక్క మాట అనలే.
చాయ్ తెప్పిచ్చిండు. సుద్దముక్క ఇచ్చిండు.

ఇయ్యాల పొయ్యి మీద నూనెల కాలరు కాగుతుంటే
మళ్ల అడిగిండు, "ప్లేటు?"
"ఏసిన సాబ్."
కొంచెమాగి,
"మా ఊరికి గూడ గిట్లనే తారుమారు బిగించిన్రు.
కృష్ణ నీళ్లు ముందు రావాలె, బోరు తర్వాత.
బోరు ముందు ఏసిన్రు.
నీళ్లొచ్చేసరికి నా కాలరు సల్లారింది."
నవ్విండు. నవ్వినా భుజాలు కదలవు.
పట్కారుతోని కాలరు తీసి షాఫ్టుల ఇడిసిన.
జారి పోయి కూసున్నది,
ఇంగ ఎవరు లేపినా లేవనట్టు.

పొద్దుగూకినంక పానగల్లు దిక్కు పోయినం.
ముందు సీటుల ఆయన, ఎదురుగ తప్ప చూడలేనోడు,
నడిపేటోళ్లకంటె బాగ రోడ్డు చూస్తడు.
నలభై. సప్పుడు లేదు.
యాభై. ఏ పెండ్లిల సిక్కుకున్నదో
సీటు కింద ఒక గాజుముక్క గలగల.
అరవై.
మనిషి మొత్తం పక్కకు ఒరిగి
దవడ కిటికీ అంచుకు ఆనిచ్చిండు.
నేను ఊపిరి బిగబట్టిన.

"ఎడమది" అన్నడు.
"ఎప్పటికి సాబ్?"
"పెండ్లయితే దాటుతది.
పో, ఇంకో పది ఎక్కియ్యి."