ఇస్కపల్లి, తెల్లారి అయిదుంపావు

ఒకే బెలూనుకి రెండు పెట్టెలు కట్టాం.
ఒకటి పాతది, నమ్మకస్తురాలు.
ఇంకోటి అరచేతిలో పట్టేంత,
ఇంకా పేరైనా పెట్టలేదు.

ఉప్పుమడి గట్టు మీంచి మస్తానమ్మ:
"పైకి బొయ్యి ఏం జేస్తాదబ్బయా?"
తేమ కొలుస్తుందన్నాను.
చిటికెడు ఉప్పు వేళ్ళ మధ్య నలిపి
"మధ్యాన్నానికి వాన" అనేసి
కుప్పల మీద తాటాకులు కప్పబోయింది.

వదిలాం.
దారం నా వేలు కోసుకుంటూ పోయింది.
రిసీవర్లో గరగర, ఆపైన అంకెలు,
కొత్తగా మాటలొచ్చిన పిల్ల
అడగనివీ చెప్పినట్టు.

పన్నెండు కిలోమీటర్ల దాకా రెంటిదీ ఒకటే మాట.
పధ్నాలుగు దగ్గర
కొత్తది మూగబోయింది.
చలికి బ్యాటరీ చచ్చిందో,
నేను పెట్టిన టంకమే ఊడిందో.
రిజిస్టర్లో సున్నా వేయబోయి ఆగాను.
సున్నా అంటే కొలిచినట్టు.
గీత పెట్టాను.
తొమ్మిది నిమిషాలకి తొమ్మిది గీతలు.

మధ్యాహ్నం మబ్బు వచ్చింది,
మడుల మీద నీడ లాగి
సముద్రంలోనే కురిసి పోయింది.

తాటాకులు తీస్తూ మస్తానమ్మ
నా మొహం చూసి అడిగింది, చెప్పాను.
"నీ పెట్టె నయం, తెలీక ఊరుకునింది.
నా ఉప్పు చూడు, అబద్ధమాడింది"
అంటూ
మళ్ళీ ఒక చిటికెడు తీసింది.