మైదా జిగురు

గ్రిమ్స్‌బీలో వాన పడదు,
పక్కనుంచి వచ్చి తోస్తుంది.
అలాంటి ఒక ఆదివారం రాత్రి
బస్టాపు వెనక గోడ మీద
ఎవరో నల్ల స్ప్రేతో రెండు మాటలు రాసిపోయారు.
అవి ఇక్కడ రాయను.
వాటికి ఇప్పటికే ఒక గోడ దొరికింది.

సోమవారం పొద్దున్నే
కేర్ హోమ్ డ్యూటీకి అదే స్టాపులో నిలబడి
తొమ్మిది నిమిషాలు వాటికి వీపు పెట్టాను.
వీపుకు కూడా చదవడం వచ్చని
ఆ రోజే తెలిసింది.

"సున్నం కొట్టేద్దాం" అంది డోరీన్.
ముప్పయ్యేళ్లు బడిపిల్లల్ని రోడ్డు దాటించిన మనిషి,
ఆమె చెయ్యెత్తితే చేపల లారీలు కూడా ఆగేవట.
"జవాబు రాద్దాం, ఇంకా పెద్ద అక్షరాలతో" అన్నాడు
సెలూన్ రెబ్వార్, చేతిలో కత్తెర ఆపకుండానే.
నేనేమీ అనలేదు.
నాకు తెనాలిలో మా సందు మలుపున
వాల్‌పోస్టర్ల సూరయ్య గుర్తొచ్చాడు.
సైకిలుకి బకెట్టు, బకెట్టులో జిగురు,
నిన్నటి హీరో ముఖం మీద ఇవాళ్టి హీరో.
"పాతది పీకకూడదమ్మా,
దాని మీదైతేనే కొత్తది గట్టిగా పట్టుకుంటుంది."

ఆ రాత్రి నా పప్పు గిన్నెలో మైదా ఉడికింది.
ఉండ కట్టకుండా తిప్పడం నా వంతు.
డోరీన్ గరాజులో
పాత కిటికీ చట్రానికి నెట్ కర్టెన్ బిగించి
పసుపు రంగు లాగాం, చీపురు పుల్లంత సందు లేకుండా.

మరి ఏం రాయాలి?
"ప్రేమే గెలుస్తుంది" అన్నాడు రెబ్వార్.
డోరీన్ మూతి తిప్పింది:
"ఎవరి మీద? స్కోరెంత?"

చివరికి జరిగినవే రాశాం.

*మార్కెట్లో నా కళ్లజోడు వెతికిపెట్టిన పాపా,
నిన్ను సరిగ్గా చూసింది ఆ తర్వాతే.*

*నాలుగో నంబరు డ్రైవర్‌కి:
నేను పరిగెత్తడం అద్దంలో చూసి ఆగావు.*

*ఫిబ్రవరి మంచులో
నా పిల్ల బండి చక్రం బిగించి
పేరు చెప్పకుండా వెళ్లిపోయినాయనా,
అది ఇంకా తిరుగుతోంది.*

రంగు అంచు దాటి పాకింది.
ఒకదాంట్లో ఒక అక్షరం తిరగబడింది.
దాన్నీ అంటించాం.

మొత్తం పదిహేడు.
ఆరు వాన తీసుకుంది.
ఒకదాన్ని ఎవరో గోళ్లతో సగం దాకా చీల్చి
ఎందుకో ఆగిపోయారు.
కౌన్సిల్ వాళ్లు రెండు గీకేసి
అక్కడ నోటీసు అంటించారు,
మాకన్నా మంచి జిగురుతో.

నల్ల మాటలు పోలేదు.
కాగితం తడిసినప్పుడల్లా కిందనుంచి తేలతాయి,
నిద్రలో పళ్లు కొరికినట్టు.
గెలిచామని చెప్పను.
డోరీన్ స్కోరు అడుగుతుంది.

గురువారం మాత్రం
చక్రం పోస్టరు అడుగున
నీలం బాల్‌పెన్నుతో వంకర రాత:
"ఫిబ్రవరి కాదు, మార్చి.
ఎడమ వెనక చక్రం.
నేను కట్టిన తీగ తాత్కాలికమే.
సరైన బోల్టు వేయించారా?"

బస్సు వచ్చింది. డ్రైవరు చూశాడు.
వెళ్లమని చెయ్యూపాను.
ఇంకో పదకొండు నిమిషాలు
గోడకి ముఖం పెట్టి నిలబడ్డాను,
సంచిలో పెన్ను కోసం తడుముకుంటూ.