గుత్త

సిరోంచ బస్టాండు వెనక
నా ఆన్‌లైన్ సెంటర్ల మూడు కంప్యూటర్లు.
మూడింటినీ నిద్రలేపేది ఒక్కటే కంపెనీ.
పొద్దుగాల నీలం తెర వెలిగి
అప్‌డేట్ అయితున్నది, ఆపొద్దు అంటది.
సాత్‌బారా కాగితానికొచ్చిన ముసలాయన
గడప బయట కూసొని
బీడీ అయిపోయేదాక దాన్నే చూస్తడు.

ఆ కంపెనీల నాకు వాటా ఉన్నది.
ఎంతనుకున్నరు, ఫండుల నెలకు రెండువేలు,
మూడేండ్ల సంది.
దానికి నేను కౌలుదారును.
దాంట్లోనే నేను గోరంత దొరను.

మంగళవారం పేపర్ల పడ్డది:
సముద్రం అవతల కోర్టుల దానిమీద కేసు.
పక్కన ఇంకొకని అంగడి తెరవనియ్యదట,
తెరిస్తే కొంటదట, అమ్మకపోతే ఎండబెడతదట.
గుత్తాధిపత్యం అని రాసిండ్రు.
రెండు దినాలల్ల నా ఫోన్ల అంకెలు
ఎర్రచీమల లెక్క కిందికి దిగినయ్.

గుత్త.
ఆ మాట నాకు పేపర్ నేర్పలే.
తునికాకు కల్లంల
మా అమ్మ రాజుబాయి కొంగు పట్టుకొని నేర్చుకున్న.
నది దాటితే యాభై ఆకులకే కట్ట,
మాకు డెబ్బై.
ఒక్కడే గుత్తేదారు, ఒక్కటే ధర.
చిల్లున్నదని పక్కకు తోసిన కట్టలు
చీకటి పడ్డంక ఆయన బస్తాలల్లకే పోయేటివి.
"ఇంకెవనికి అమ్ముతవ్?" అనేటోడు,
కోపం గూడ లేకుండ,
టైమెంతయిందని అడిగినట్టు.

అసోంటిది, రాత్రి
చార్జర్ వైరు అందినంత దూరంల ఒరిగి
కంపెనీయే గెలవాలె అనుకున్న.
వకీళ్లు మంచోళ్లు దొరకాలె అనుకున్న.
తర్వాత సిగ్గయి, అమ్మేద్దామని వేలు పెట్టిన.
సిగ్నల్ పోయింది.
ప్రాణహిత అవతలి టవర్ పట్టుకొని
తెలంగాణకు స్వాగతం అన్నది ఫోను.
నేను నా మంచం మీదనే ఉన్న.

తెల్లారి ఊళ్లె గ్రామసభ.
ఈ యేడు ఆకు మనమే వేలం పెడదామా,
నలుగురిని పిలుద్దామా, అని అడిగిండు జాడి బక్కన్న.
ఎవ్వరూ మాట్లాడలే కాసేపు.
గుత్తేదారు మనిషి మోటర్‌సైకిల్ మీద
కాలు దించకుండ చూస్తున్నడు.
ముందుగాల లేచింది మా అమ్మ చెయ్యి,
పసరుకు నల్లబడ్డ వేళ్లు.
నాదీ లేపిన.
బక్కన్న ఒక్కొక్క చెయ్యి ఎంచుతున్నడు,
కట్టలెంచినట్టు, తడబడుకుంట, మళ్ల మొదట్నుంచి.

జేబుల ఫోన్ వణికింది.
ఎడమచేత్తోటి తీసి చూసిన.
రాత్రి అక్కడ కోలుకున్నదట, రెండు శాతం.

చెయ్యి దించలే.
దించకుండనే
సంబరపడ్డ.