నలభై ఏడో సెకను

తార్తూలో నవంబరు. మూడున్నరకే చీకటి.
రేడియేటర్ మీద మేజోళ్లు ఆరుతున్నాయి.
ఉత్తరం దార్ ఎస్ సలామ్ నుంచి,
మన్జెసె పేట, పేరు సెలెమాని:

"మేడమ్, మీ ప్లగిన్ నలభై ఏడు సెకన్లకోసారి
చచ్చి బతుకుతోంది.
బఫర్ పెంచాను, తగ్గించాను.
తీసేసి మళ్లీ ఎక్కించాను, మూడుసార్లు.
కేబుల్ మార్చాను. ఫ్యాన్‌లో దుమ్ము
చెల్లెలి పళ్ల బ్రష్‌తో దులిపి తిట్లు తిన్నాను.
కరెంటు పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.
ఇది కరెంటు కాదు."

కరెంటు కాదు. అది నేను.
మూడేళ్ల కిందట ఒక రాత్రి
కడుపుమంటతో రాసిన పదకొండు వరుసలు:
తాళంచెవి దొంగదైతే
నలభై ఏడు సెకన్లకోసారి
అర సెకను నోరు మూసుకో.
నలభై ఏడెందుకంటే, దాని ధర నలభై ఏడు యూరోలు.
ఆ నెల కొన్నవాళ్లు పదమూడు మంది.
వాడుతున్నవాళ్లు నాలుగు వేలు.

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడంటారు.
ఇతను లాగ్ ఫైలు జతచేశాడు,
స్క్రీన్ ఫోటోలు జతచేశాడు,
మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తానంటూ ముగించాడు.

ఆ ప్లగిన్‌లో ఉన్నది
ఒక ఖాళీ ధాన్యపు గోదాము ప్రతిధ్వని.
మైనస్ పంతొమ్మిదిలో మైకులు నిలబెట్టి
బుడగలు పేల్చాను, తొంభై రెండు.
వేళ్లు కొంకర్లు పోయాయి.
వసంతంలో గోదామును కూల్చేశారు.
ఇప్పుడది ఎక్కడైనా నిలబడి ఉందంటే
నా కోడ్‌లోనూ
ఇతను ఎత్తుకుపోయిన దాంట్లోనూ.

"అయ్యా, మీరు వాడుతున్నది" అని మొదలుపెట్టి
ఆపాను.
పంతొమ్మిదేళ్లప్పుడు, నది పక్క సంతలో,
చేపల కొట్టుకానుకుని మడతమంచం మీద సీడీలు,
నల్ల మార్కర్‌తో రాసిన పేర్లు.
పాతిక క్రూన్లకు ఒక కంపైలర్ కొన్నాను.
నా మొదటి ఫిల్టర్ రాసింది దానితోనే.
దాన్ని చేసినవాడి వేళ్లు
ఏ చలిలో కొంకర్లు పోయాయో అడగలేదు.
తర్వాత కొన్నాను. అవును, జీతం వచ్చాక.
"తర్వాత" మీద వడ్డీ ఎంతో
ఎవరూ నాకు చెప్పలేదు.

మర్నాడు ఇంకో ఉత్తరం, ఒక పాటతో.
నిమిషానికి రెండు వందల పది దెబ్బలు.
నా గోదాము పరుగెత్తుతోంది,
చెప్పులు చేత్తో పట్టుకుని.
నలభై ఏడో సెకను దగ్గర, ఠక్కున, ఏమీ లేదు.
ఆ ఏమీ లేని చోట
వంద గొంతులు ఒక్కసారి అరిచాయి.

"నిన్నటి ఉత్తరం మరిచిపోండి.
మా పేట పిల్లలు ఆ ఖాళీ దగ్గర గాల్లోకి లేచి
పాట తిరిగొచ్చాక దిగుతున్నారు.
తీసేయొద్దు. కాకపోతే
నాకు కావలసిన చోట పెట్టుకునేలా చేయండి."

నవ్వొచ్చింది. దొంగ ఫీచర్ అడుగుతున్నాడు.
మంచి ఫీచర్. అదే చిక్కు.

నిజం రాశాను: మీది దొంగ కాపీ,
ఆ నిశ్శబ్దం నేను వేసిన శిక్ష.
నాలుగు రోజులు జవాబు లేదు.
ఆ నాలుగు రోజులూ తేలు నన్నే కుట్టినట్టుంది.

ఐదో రోజు ఒక ఫైలు. నలభై ఏడు సెకన్లు.
ప్లాస్టిక్ నీళ్ల డబ్బా మీద అరచేతులు,
నడుమ ఒక దగ్గు, దూరంగా మోటారుసైకిలు.
"చెల్లెలు వాయించింది. డబ్బు లేదు, ఇది ఉంది.
సరిపోతుందో లేదో మీరే చెప్పండి."

అద్దె ఇరవయ్యో తేదీన.
డబ్బా శబ్దం బాగుంది.
గోదాములో పెడితే ఇంకా బాగుంది.
కొత్త మీటకు "కిమ్య" అని పేరు పెట్టాను,
వాళ్ల భాషలో నిశ్శబ్దం.
లైసెన్స్ పెట్టె తెరిచి
పేరు: సెలెమాని
చెల్లించినది:
ఇక్కడ కర్సర్ వెలిగి ఆరుతోంది.

ఆ చెల్లెలి పేరేమిటో అడగాలి.
వాయించింది ఆమె.
బ్రష్ పోగొట్టుకున్నదీ ఆమే.
ఆమెను అడిగే పంపాడా?