బోధన్ అద్దం

ఆటోనగర్‌ల మా షెడ్డు వెనుక ఉన్నదది.
పదహారడుగుల పైచిలుకు పొడుగు, రెండే తలుపులు.
స్టీరింగ్ ఎడమదిక్కు.
"గింత బండికి రెండే తలుపులేంది భయ్?"
ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చినోళ్లు అడుగుతరు.
షోకు, అంట. ఇంకేం చెప్పను?
ముందటి మూత మీద ఒక మంచం ఏసుకోవచ్చు,
దాని కింద ఇంజను కాళ్లు జాపుకొని పంటది.
పేరు మాంటె కార్లో.
మా దస్తగిరి నోట్లె మంటెకారు.

కువైట్‌ల పదకొండేండ్లు తుక్కు యార్డుల చేసిన.
ఎండకు బానెట్ పెనమయ్యేది,
చేతులకు గుడ్డ చుట్టుకొని విప్పేది.
నా చదువు ఆడనే.
మాంటె కార్లో, రీగల్, కట్లస్, గ్రాండ్ ప్రీ:
షోరూంల ఒకర్నొకరు ఎరుగనట్టు నిలబడేటోళ్లు,
మూతి ఏరే, మెరుపు ఏరే, రేటు ఏరే.
విప్పినంక తెలిసె
ఒక్క కడుపున పుట్టిన అక్కచెల్లెండ్లని.
ఒకరి జాకెట్ ఇంకొకరు తొడిగినట్టు
అద్దాలు, వైపర్లు, బిజాగ్రీలు
దానివి దీనికి, దీనివి దానికి.
రంగు గీకితె గాని చుట్టరికం బయటపడదు.

పోయినేడు గాలిదుమారానికి
పక్క షెడ్డు రేకు లేచొచ్చి ముందటద్దం మీద పడ్డది.
బియ్యం చల్లినట్టు సీట్ల నిండ గాజు.
కొత్తవాడ జంపఖానా కోసి కుట్టించిన సీట్లవి,
నెల రోజులు గుచ్చుకున్నయి.

హన్మకొండల
వేయిస్తంభాల గుడి మంటపం విప్పి
రాయి రాయికి నెంబరేసి మళ్ల పేర్చిండ్రు గద,
పొద్దుగూకినంక పోయి చూసేటోన్ని.
ఏండ్లకేండ్లు నేల మీద పన్న రాయి
తన జాగ తను మరువలే.
నాకు గన్ని రాళ్లెందుకు, ఒక్క అద్దం.

బోధన్‌ల ఒక రీగల్ ఉన్నదని
తుక్కు కొనే యాకయ్య కబురు పట్టుకొచ్చిండు.
రైసుమిల్లు వెనుక, తుమ్మచెట్టు కింద,
వెనక సీటుల కోడి పొదుగుతున్నది.
గంగుబాయి బయటికొచ్చింది:
"కారు అమ్మ. పోశెట్టి కూసున్న సీటది.
అద్దం కావాల్నంటె తీస్కపోండ్రి,
అద్దానికేం వాసనుంటది?"
పైసలు తీసుకోలే.
కోడిని లేపకుండ తియ్యుమన్నది, గంతే.

పత్తి బోరాల నడుమ నిలబెట్టి తెచ్చినం.
ఆర్మూర్, కోరుట్ల, జగిత్యాల, కరీంనగర్,
ఊరూరికి స్పీడ్ బ్రేకరు,
ఊరూరికి ఊపిరి బిగబట్టుడు.
హుజూరాబాద్ దాటినంక
దస్తగిరి చాయ్ తాగుదామన్నడు,
నేను దిగలే.

చుట్టూ గమ్ము పట్టించినం.
తను బిస్మిల్లా అన్నడు, నేను ఎల్లమ్మ తల్లీ అన్న.
అంగుళం కొట్టింది లేదు, సెంటు సాపింది లేదు.
మెత్తగ కూసున్నది,
పుట్టింటి గడప మీద కూసున్నట్టు.

అప్పుడు కనబడ్డది.
డ్రైవరు దిక్కు, అద్దం మీద, సగం చంద్రుని లెక్క గీత.
పోశెట్టి వైపర్ గీసింది.
రబ్బరు అరిగినా మార్చక
ఎన్ని వానలు తుడిచిండో ఆ మనిషి.
పాలిష్ పెడుదామన్నడు దస్తగిరి.
వద్దన్న.

మృగశిర తెల్లారి పడ్డది వాన,
షెడ్డు రేకుల మీద దబదబ.
స్విచ్ ఏసిన.
మంటెకారు వైపరు లేచి
ఆ గీత మీదికెళ్లే పోయింది, మీదికెళ్లే వచ్చింది,
ఎంట్రుకవాసి తేడా లేదు.
బోధన్ వాన గీసిన తొవ్వల
వరంగల్ వాన జారుతున్నది.

గంగుబాయికి ఫోన్ కొట్టి
అద్దం దగ్గర పట్టిన, ఇను అని.
చాన సేపు ఏం మాట్లాడలే.
గెర్ర్, గెర్ర్.
"మా దానిది గింత మోత లేకుండె,"
అన్నది ఆఖరికి,
"రబ్బరు మార్చుండ్రి."