పెన్సిలు పని

గుణుపురంలో సాహు స్టూడియో ఎత్తేస్తున్నారు.
మొబైల్ రీచార్జిల కొట్టు వస్తుందట.
వాళ్లబ్బాయి మూడు బిస్కెట్ డబ్బాలు నా ముందు పెట్టి
"మీ తెలుగోళ్లవన్నీ ఇందులోనే అప్పా, ఏరుకో" అన్నాడు.

చెదలు తినగా మిగిలిన కవరు మీద
ఒడియా అక్షరాల్లో మా నాన్న:
బెవర సింహాచలం, చిన్న రైలు గార్డు. నలుగురు. జూన్ 84.
కింద ఇంకో సిరాతో: పెన్సిలు పని, రెండు రూపాయలు.

పెళ్లిళ్లు తీసి బతికేదాన్ని, నెగెటివ్ చదవడం వచ్చు.
కిటికీకి పట్టాను.
నల్లటి మొహాలు, తెల్లటి జుట్లు,
మేమంతా ఒక్క రాత్రిలో ముసలాళ్లమైపోయినట్టు.
వెనక గుడ్డ మీద గీసిన సరస్సు, రెండు బాతులు.
నాలుగడుగులేస్తే వంశధార ఉన్న ఊళ్లో
ఎవరిదో సరస్సు ఒడ్డున నిలబడ్డాం.

కొంచెం వాల్చి చూస్తే
అమ్మ ఎడమ కంటి కింద
సన్నటి గీతలు, చీమ కాళ్లంత, వందో రెండొందలో.
సూదిలా చెక్కిన పెన్సిలుతో
కమిలిన చోటునల్లా పూడ్చుకుంటూ వచ్చాడు సాహు బాబు.
ఎంత ఓపిక!
ఆ చెంపని అంత నెమ్మదిగా ముట్టుకున్నవాళ్లు
మా ఇంట్లో ఎవరూ లేరు.

ఫొటో టెక్కలి మామకి వెళ్లింది.
వెనక నాన్న రాత: అందరం కులాసా.
మామ రాలేదు.

అంతకు ముందు, అమ్మ మామకి రాసుకున్న ఉత్తరం
బియ్యం డబ్బాలో ఉందని
నాన్నకి చెప్పిందెవరు?
ఆరేళ్లది.
వేరుశనగ ఉండ కోసం కూడా కాదు.
ఇంజను కూత వినగానే ఎదురు పరిగెత్తి
ఆయన పచ్చజెండా నేను పట్టుకుని
ఇంటిదాకా నడుస్తున్నప్పుడు
చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలని.

దూది ఉంది. టర్పెంటైన్ ఉంది.
ఒక్క తుడుపుకి పెన్సిలంతా లేచొస్తుంది,
అమ్మ చెంప అమ్మకి తిరిగొస్తుంది.
అమ్మ పోయి మూడేళ్లు.
తుడిచి ఎవరికి చూపించను?

ఆ రోజు నల్లగుడ్డలోంచి సాహు బాబు
"టికే హస, మా, టికే హస" అంటున్నాడు.
అమ్మకి వినిపించలేదో, వినలేదో.
నేను నవ్వాను.

ఇప్పుడు భూతద్దం పెట్టి అంతా వెతికాను.
నా నవ్వు మీద ఒక్క గీత లేదు.
దాన్ని దిద్దమని ఎవరూ డబ్బులివ్వలేదు.

కుర్రాడు మళ్లీ అడుగుతున్నాడు,
ఎన్ని కాపీలని.